నాలుగు వరసల లెక్క

ఆదివారం ఉదయం తాపీమేస్త్రీలు, సైట్ ఇంజనీర్ల సమావేశంలో ఒక స్ట్రక్చరల్ ఇంజనీరు చేసిన ప్రసంగం.

అందరికీ నమస్కారం. ముందు వరసలో మేస్త్రీలు కూర్చున్నందుకు చాలా సంతోషంగా ఉంది. ఈరోజు నేను చెప్పేది కాగితం మీద కంటే తాపీ పట్టిన చేతికే తొందరగా అర్థమవుతుంది. ఇంజనీరు బాబులు కూడా రాసుకోండి, కానీ మేస్త్రీలు తల అడ్డంగా ఊపితే మాత్రం నన్ను అక్కడే ఆపండి.

కాంక్రీట్ గోడ పోయాలంటే రెండు వైపులా సెంట్రింగ్ కొడతాం. ప్లైవుడ్డో ఇనుప ప్లేట్లో నిలబెట్టి, పోసి, గట్టిపడ్డాక ఊడదీస్తాం. ఆ పలకల బదులు ఇటుక గోడే కట్టి, దాని వెనక కాంక్రీట్ పోసి, ఇటుకను అలాగే వదిలేస్తే ఎలా ఉంటుంది? ఊడదీసే పని ఉండదు, బయటికి ఇటుక ముఖం వచ్చేస్తుంది. వినడానికి చాలా బాగుంటుంది. నిజానికి మీలో చాలామంది ఈ పని చేస్తూనే ఉన్నారు. పునాది మీద, గోడల కింద వచ్చే ప్లింత్ బీమ్‌కి పక్కన ఇటుక పేర్చి పోస్తారు. సెల్లార్ తవ్వినప్పుడు హద్దు వైపు పలక ఊడదీయడానికి చోటుండదు కాబట్టి అటువైపు నాలుగున్నర అంగుళాల గోడ కట్టి, ఇటువైపు ప్లైవుడ్ పెట్టి పోస్తారు. ఇది కొత్త విద్యేం కాదు. కొత్తగా నేర్చుకోవాల్సింది ఒక్కటే: ఒక్క విడతలో ఎంత ఎత్తు పోయొచ్చు?

ఆ ప్రశ్న నాకు ఎక్కడ ఎదురైందో చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్త. విజయవాడలో ఒక అపార్ట్‌మెంటుకి సెల్లార్. హద్దు వైపు నాలుగున్నర గోడ ఎనిమిదడుగులు లేపాం. ఆ గోడకీ తవ్విన మట్టి గట్టుకీ మధ్య మనిషి పక్కకు తిరిగి దూరేంత సందు ఉంది. తర్వాత బయటివైపు ప్లాస్టరింగ్ చేసి అప్పుడు పూడ్చుదామని దాన్ని అలాగే ఉంచాం. పొద్దున్నే మిక్సర్ మొదలైంది. ఎండ ముదరకముందే ముగించాలని తొందర. ఆరడుగులు దాటి పోశాం. మా పెద్దమేస్త్రీ ఎందుకో ఆ సందులోకి దిగాడు. వెళ్లకూడని చోటు అది, ఇప్పుడైతే ఎవర్నీ వెళ్లనివ్వను. కిందనుంచి ఐదో వరస దగ్గర అరచెయ్యి ఆనించి చూసి, చప్పున పైకొచ్చి, "బాబూ, గోడకి చెమట పడుతోంది, మిక్సర్ ఆపించండి" అన్నాడు.

పైనుంచి వంగి చూశాను. అడ్డం జాయింటు వెంబడి సిమెంట్ పాలు సన్నటి దారంలా మెరుస్తున్నాయి. దారం తెగకుండా, ఒకే మట్టంలో, పది అడుగుల పొడవునా. ఇటుక ఒక్కటీ పగల్లేదు, పైన గోడ గుండు పెట్టినట్టు నిలువుగానే ఉంది. మిక్సర్ ఆపాం. ఐదు నిమిషాలు గడవలేదు, కింద భాగం పొట్టలా ఉబ్బి ఒక్కసారిగా పగిలింది. కాంక్రీట్ అంతా సందులోకి జారింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అది ఆ మేస్త్రీ అరచేతి చలవ. తప్పు గోడది కాదు. ఎనిమిదడుగుల పని దానికి అప్పగించింది నేను.

ఆ రాత్రి కూర్చుని వేసిన లెక్క ఇప్పుడు మీ ముందు వేస్తాను. పచ్చి కాంక్రీట్ నీళ్లలాగే పక్కకు తోస్తుంది. ఘనమీటరు నీళ్లు 1,000 కిలోలైతే కాంక్రీట్ సుమారు 2,400 కిలోలు. అంటే మీటరు లోతున ఒక చదరపు మీటరు గోడ మీద 2,400 కిలోల తోపుడు ఉంటుంది. మూడు మీటర్ల లోతులో 7,200 కిలోలు. ఇక్కడ గమనించండి, గోడ ఎంత మందం పోస్తున్నామన్నది ఈ లెక్కలోకే రాదు. నాలుగంగుళాల సందులో పోసినా, అడుగు సందులో పోసినా తోపుడు అంతే. కాంక్రీట్ పచ్చిగా ఉన్నంతసేపు దాన్ని నిర్ణయించేది ఎత్తు ఒక్కటే.

ఇంకో సంగతి ఉంది. ఎత్తు రెట్టింపైతే మొత్తం తోపుడు నాలుగింతలవుతుంది. గోడను పాదం దగ్గర వంచే శక్తి ఎనిమిదింతలవుతుంది. అడుగెత్తు, అంటే 30 సెంటీమీటర్లు పోస్తే మీటరు పొడవు గోడ మీద పడేది సుమారు 110 కిలోలు, రెండు సిమెంట్ బస్తాల బరువు ఆనుకున్నంత. నాలుగడుగులు పోస్తే అది 1,700 కిలోలు దాటుతుంది. వంచే శక్తి అరవై నాలుగింతలు.

దీన్ని ఆపాల్సింది ఎవరు? 110 మిల్లీమీటర్ల ఇటుక, దాని మధ్య సిమెంట్ మాలు. ఇటుక గోడ బరువు మొయ్యడంలో గట్టిది, వంగడంలో చాలా బలహీనం. మంచి సిమెంట్ మాలుతో కట్టిన గోడకి, అడ్డం జాయింటు తెరుచుకునేలా వంచినప్పుడు, ఇటుక కట్టడాల భారతీయ ప్రమాణం ఐఎస్ 1905 అనుమతించే తన్యత, అంటే లాగుడు, చదరపు మిల్లీమీటరుకి 0.07 న్యూటన్లు. కాంక్రీట్‌తో పోలిస్తే ఇది లేనట్టే. టైలు, అంటే ఒక ముఖాన్ని ఇంకో ముఖానికి కట్టే కడ్డీలు, సపోర్టులు ఏమీ లేకుండా ఒంటరిగా నిలబడ్డ నాలుగున్నర గోడకి ఈ అంకెతో లెక్క కడితే 30 సెంటీమీటర్ల ఎత్తు పోత భేషుగ్గా సరిపోతుంది, 35 దగ్గరికొస్తే హద్దు దాటేస్తుంది. మన ఇటుక 75, మాలు 10, వరసకి 85 మిల్లీమీటర్లు. నాలుగు వరసలు 34 సెంటీమీటర్లు. పై ఇటుక సగం దాకా వదిలేసి నింపితే దాదాపు 30 వస్తుంది. నాలుగు వరసల లెక్క అంటే ఇదే. పైన సగం ఇటుక వదలడంలో ఇంకో లాభం ఉంది. తర్వాతి పోత ఆ గుంటలోకి దిగి పళ్లు పట్టినట్టు కూర్చుంటుంది, ఇటుక జాయింటు, కాంక్రీట్ జాయింటు ఒకే మట్టంలో పడవు.

మొన్న ఒక కుర్ర ఇంజనీరు "సార్, ఇవన్నీ పాతకాలం పద్ధతులు కదా" అన్నాడు. అవును, చాలా పాతవి. రోములో పాంథియాన్ గుడి క్రీస్తుశకం 125 ప్రాంతంలో, హేడ్రియన్ చక్రవర్తి కాలంలో పూర్తయింది. దాని గుమ్మటం అడ్డం 43 మీటర్ల పైచిలుకు, కింది గోడ మందం ఆరు మీటర్ల దాకా ఉంటుంది. ఆ గోడ బయటికి ఇటుక, లోపల కాంక్రీట్. వాళ్లు సుమారు 20 సెంటీమీటర్ల చదరపు ఇటుకను మూలకు కోసి త్రికోణం చేసేవారు. పొడుగు వైపు బయటికి, మొన లోపలికి. బయట చూస్తే మామూలు ఇటుక గోడే. లోపలి నుంచి చూస్తే రంపం పళ్లలా మొనలు కాంక్రీట్‌లోకి చొచ్చుకుపోయి ఉంటాయి. మన మేస్త్రీలు ప్లాస్టరింగ్ నిలవడానికి గోడకు గాట్లు పెడతారే, ఆ గాటు ఇటుక ఆకారంలోనే ఉందన్నమాట. కొన్ని అడుగులకొకసారి రెండు రోమన్ అడుగుల పొడుగున్న పెద్ద పెంకు ఇటుకలు పరిచి గోడను కట్టేసేవారు. మధ్యలో కాంక్రీట్‌ని మనలా గుమ్మరించలేదు. మాలు వేసి, రాళ్లు చేత్తో పేర్చి, కొంచెం కొంచెంగా పైకి తెచ్చారు. కాబట్టి ఇటుక ముఖానికి ఎన్నడూ పెద్ద తోపుడు తగల్లేదు.

రోమన్ ఇంజనీరు విత్రూవియస్ అంతకు ముందే, అగస్టస్ కాలంలో, తన మేస్త్రీల మీద ఒక ఫిర్యాదు రాశాడు. తొందరపడి రెండు ముఖాలు లేపి మధ్యలో రాళ్లూ మాలూ ఇష్టమొచ్చినట్టు పడేస్తున్నారు, దాంతో ఒక గోడలో మూడు గోడలు తయారవుతున్నాయి అని. గ్రీకులు ఈ ముఖం నుంచి ఆ ముఖానికి అడ్డంగా పొడుగు రాళ్లు వేస్తారు, అందుకే వాళ్ల గోడ ఒక్కటిగా ఉంటుందని పొగిడాడు. రెండు వేల ఏళ్ల కిందటి మాట ఇది. ఈ ఊళ్లో ఏ సైట్‌కి వెళ్లి చూసినా ఈరోజుకీ అదే ఫిర్యాదు రాయొచ్చు.

మన నాగార్జునకొండ స్తూపాల గురించి కూడా ఒక్కమాట. అక్కడ కాంక్రీట్ లేదు, లోపల మట్టే. కానీ పెద్ద స్తూపాల్ని పైనుంచి చూస్తే బండిచక్రంలా ఆకులాకులుగా ఇటుక గోడలు, వాటి మధ్య మట్టి పూరింపు. పూరించినది బయటికి తోస్తుందని ఆ తాపీవాళ్లకి తెలుసు. అందుకే ఒక్క పెద్ద డొల్లగా వదలకుండా గదులు గదులుగా విడగొట్టారు. మ్యూజియంలో ఆ నమూనా చూసినప్పుడల్లా వాళ్లకి చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది నాకు.

ఇక ఇనుము చేరిన కథకి వద్దాం. 1933 మార్చి 10 సాయంత్రం కాలిఫోర్నియాలో లాంగ్‌బీచ్ దగ్గర భూకంపం వచ్చింది. ఇనుము లేని ఇటుక స్కూళ్లు చాలా కూలిపోయాయి. ఆరు కావస్తున్న వేళ కాబట్టి పిల్లలు ఇళ్లకి వెళ్లిపోయి ఉన్నారు. పిల్లలు లోపల ఉండి ఉంటే అన్న తలపుకే అక్కడివాళ్లు వణికిపోయారు. సరిగ్గా నెలకి స్కూలు భవనాల మీద ఫీల్డ్ చట్టం తెచ్చారు. ఆ తర్వాత అక్కడ బాగా స్థిరపడ్డ పద్ధతి ఏమిటంటే, రెండు ఇటుక పొరలు, మధ్యలో సందు, సందులో నిలువు అడ్డం కడ్డీలు, దాని నిండా పల్చటి కాంక్రీట్. ఇటుకే సెంట్రింగ్, ఇటుకే గోడ. రెండేళ్లకి, 1935 మే 31న, క్వెట్టాలో భూకంపం వచ్చింది. అప్పటికి అది మన దేశంలోదే. ఆ ఊరిని తిరిగి కట్టినప్పుడు వాడిన ఇటుక కట్టుకి ఇవాళ్టికీ క్వెట్టా బాండ్ అనే పేరు. ఇటుకన్నర గోడలో ఇటుకల్ని తిప్పి పెడితే నిలువునా గుంటలు ఏర్పడతాయి. గుంటలో కడ్డీ నిలబెట్టి, వరస లేస్తున్న కొద్దీ నింపుకుంటూ పోవడం. భూకంపాన్ని తట్టుకునే కట్టడాల ప్రమాణం ఐఎస్ 4326లో మూలల్లో కడ్డీ చుట్టూ ఇటుక గూడు కట్టి కాంక్రీట్ నింపమని బొమ్మలు వేసి చూపించారు కదా, అదీ ఈ జాతిదే. విజయవాడ 2016 నాటి భూకంప పటంలో మూడో జోన్‌లో, అంటే ఓ మోస్తరు ముప్పున్న చోట, ఉంది. 1967 మార్చిలో ఒంగోలు ఊగింది. కాబట్టి ఇది మనకు పరాయి సంగతి కాదు.

ఇప్పుడు పనిలోకి దిగుదాం. రోజుకొక అడుగు పోయడానికి ఓనరు ఒప్పుకోడు, మీ టెన్షన్ నాకు తెలుసు. నాలుగడుగులు ఒక్కసారి పోయాలంటే దారి ఉంది, కానీ అప్పుడు ఇటుక ఒంటరిగా ఉండకూడదు. రెండు వైపులా ఇటుకైతే ఒక ముఖాన్ని ఇంకో ముఖానికి టైలతో కట్టాలి. 6 ఎంఎం కడ్డీని రెండు కొసలూ వంచి మాలులో పడుకోబెట్టి, అడ్డానికి 40, నిలువుకి 40 సెంటీమీటర్లకి ఒకటి. మీటరు లోతులో ఒక్కో టై మీద దాదాపు 385 కిలోల లాగుడు పడుతుంది. కడ్డీ దాన్ని తేలిగ్గా ఆపుతుంది. జారిపోయేది మాలులోంచి. నిన్న కట్టిన మాలు ఇంకా పిందె. అందుకే టైలున్నా సరే, నాలుగడుగుల పోతకి గోడ కట్టి కనీసం మూడు రోజులు నీళ్లు పట్టి ఆగండి, బయట సరుగుడు బాదులు అడ్డం నిలువూ పెట్టి ఏటవాలు సపోర్టు ఇవ్వండి. కాకినాడ, విశాఖ లాంటి సముద్రపు గాలి ఉన్న చోట టైలు స్టెయిన్‌లెస్ స్టీలువే పెట్టండి. ఆ టై జీవితాంతం ఇటుక జాయింటులో, ముఖానికి దగ్గరగా ఉండిపోతుంది. తుప్పు పట్టి ఉబ్బితే వరసనే విడదీస్తుంది.

సెల్లార్‌లో ఇంకా సులువైన దారి ఉంది, అప్పుడు నేను చెయ్యనిది అదే. ఇటుక గోడకీ మట్టి గట్టుకీ మధ్య సందుని ఇసుకతోనో గ్రావెల్‌తోనో దిమ్మిస చేసి ముందే పూడ్చండి. అయితే ఇక్కడా విడతలుగానే. లోపల కాంక్రీట్ లేకుండా బయట మొత్తం పూడ్చి కుదిస్తే గోడ లోపలికి పడుతుంది. రెండడుగులు గోడ, రెండడుగులు పూడిక, అలా. వెనక గట్టి నేల ఆనుకుంటే తోపుడు నేలకి పోతుంది, ఇటుక మధ్యలో పలకలా ఉంటుంది, అంతే.

ఇటుకకి ఉన్న ఇంకో గుణం దాహం. ప్లైవుడ్ నీళ్లు తాగదు, ఇటుక తాగుతుంది. మామూలు ఇటుకకి బరువులో 20 శాతం దాకా నీటి పీల్పుని ప్రమాణాలు ఒప్పుకుంటాయి. మూడు కిలోల ఇటుక అరలీటరు పైనే తాగేస్తుందన్నమాట. ఎండు ఇటుక వెనక గట్టి కాంక్రీట్ పోస్తే ఆ నీళ్లన్నీ ఇటుకలోకి పోయి, సందులో కాంక్రీట్ మధ్యలోనే బిగుసుకుని, కింద డొల్ల మిగిలిపోతుంది. అందుకే ఇటుక నానబెట్టాలి, కానీ పోసే వేళకి ముఖం మీద నీటి మెరుపు ఉండకూడదు. సన్న సందుకి బేబీ చిప్స్ కంకర వాడి పల్చగా కలపండి. అమెరికాలో ఈ సందుల్లో పోసే మాలుకి స్లంప్, అంటే తడి మాలు ఎంత కిందికి జారుతుందో చూసే కొలత, 200 నుంచి 280 మిల్లీమీటర్ల దాకా పెడతారు. మనం స్లాబుకి అలా కలిపితే తిట్టాలి, ఇక్కడ అదే సరైంది. ఎందుకంటే ఎక్కువైన నీళ్లు ఇటుక తాగేసి కాంక్రీట్‌ని త్వరగా బిగిస్తుంది, తోపుడూ త్వరగా తగ్గుతుంది. నీళ్లు పోయిన కొద్దీ మాలు కిందికి దిగుతుంది కాబట్టి పది పదిహేను నిమిషాలు ఆగి, ఇంకా మెత్తగా ఉన్నప్పుడే, మళ్లీ ఒకసారి కాంక్రీట్‌ని కుదిపి సర్దే సన్న నీడిల్ వైబ్రేటర్ దించాలి. ఇటుకకి మాత్రం నీడిల్ తగలనివ్వొద్దు.

సందు శుభ్రం గురించి మేస్త్రీలకి ప్రత్యేకంగా చెబుతున్నా. తాపీతో కడుతున్నప్పుడు మాలు సందులోకి జారి అడుగున కుప్ప అవుతుంది. దాని మీద కాంక్రీట్ పోస్తే పునాదికీ గోడకీ మధ్య మట్టిగడ్డ పెట్టినట్టే. అడుగు వరసలో మూడడుగులకొక ఇటుక పెట్టకుండా వదలండి. సాయంత్రం పైపుతో నీళ్లు కొట్టి ఆ కన్నాల్లోంచి చెత్తంతా తీసేయండి. లోపల చెయ్యి పెట్టి అడుగు తడమండి, గరుకు కాంక్రీట్ తగలాలి. అప్పుడు ఇటుకతో మూసి, దానికి సపోర్టు పెట్టి, పొయ్యండి. లోపలి ముఖంలో జాయింట్లలోంచి పొడుచుకొచ్చిన మాలుని కూడా తాపీతో కోసేయాలి. అది ఎండాక చిన్న చూరులా నిలబడి కంకరని పట్టేస్తుంది.

ఇప్పుడు డిజైన్ చేసేవాళ్లకి. ఈ ఇటుకా కాంక్రీటూ ఒకటవ్వాలా, వేరుగా ఉండాలా అన్నది మొదటి రోజే తేల్చండి. సెల్లార్‌లో ఇటుక లోపలి ముఖానికి నున్నగా ప్లాస్టర్ చేసి, వాటర్‌ప్రూఫ్ షీటు అంటించి పోస్తాం. అక్కడ అవి రెండూ వేరే, ఇటుక పని ఆ రోజుతో అయిపోయింది. దాని మందాన్ని గోడ లెక్కలో కలపొద్దు, కడ్డీని కప్పే కాంక్రీట్ మందం, అంటే కవర్, లెక్కలోనూ కలపొద్దు. కవర్ ఇటుక లోపలి ముఖం నుంచే కొలవాలి. ఇటుక తడిని ఆపదు, దాచుకుంటుంది.

ఒకటవ్వాలనుకుంటే ఇంకో చిక్కు ఉంది. కాంక్రీట్ ఆరుతూ ముడుచుకుంటుంది. కాంక్రీట్ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం ముడుత పొడవులో 0.0003 వంతు అనుకుంటే పది మీటర్ల గోడ మూడు మిల్లీమీటర్లు ముడుచుకుంటుంది. కాల్చిన ఇటుక దీనికి పూర్తిగా వ్యతిరేకం. బట్టీలోంచి బయటపడ్డ రోజు నుంచి గాల్లో తేమ పీల్చి ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా పెరుగుతుంది, మళ్లీ తగ్గదు. ఒకటి ముడుచుకుంటూ ఒకటి పెరుగుతూ ఉంటే వాటి మధ్య అతుకు ఎంత నలుగుతుందో మీరే ఊహించండి. ఇటుక ఎక్కువగా పెరిగేది మొదటి రోజుల్లోనే. కాబట్టి బట్టీ నుంచి వేడివేడిగా దిగిన లోడు ఈ గోడకి వద్దు, కొన్ని వారాలు గుట్టగా పడి ఉన్నది తీసుకోండి. నేనైతే ఏడు మీటర్లకి మించకుండా నిలువు జాయింటు ఇస్తాను.

పైకి కనిపించే ఇటుక ముఖం కోసం ఖరీదైన ఇంటికి ఈ పద్ధతి పెట్టమని అడిగితే నేను వద్దంటాను. వైబ్రేటర్ పెట్టగానే ఏదో ఒక జాయింటులోంచి సిమెంట్ పాలు కారతాయి. ఎర్ర ఇటుక మీద ఆ తెల్ల చార పూర్తిగా పోదు. వెనక గాలి సందు ఉండదు కాబట్టి వానకి తడిసిన ఇటుక రెండు వైపులా ఆరలేదు, ఉప్పు పూస్తుంది. ముందు కాంక్రీట్ పోసి, ఊడదీసి, ఒకటి రెండు అంగుళాల సందు వదిలి ఇటుక కట్టి, టైలు వేసి, అడుగున నీళ్లు పోయే కన్నాలు పెడితే ఆ ముఖం పదికాలాలు ఉంటుంది. అదే ఒక్క అంతస్తు ఇల్లో, పొలం దగ్గర గోదామో, కాంపౌండు గోడో అయితే నాలుగు వరసల పద్ధతి నాకు ఎంతో ఇష్టం. పలకలు అద్దెకి తేనక్కర్లేదు, పంపు పిలవనక్కర్లేదు, ఇద్దరు మేస్త్రీలూ నలుగురు కూలీలూ ఉంటే గోడ నడుస్తుంది.

ప్రశ్నలు అడగండి. అదుగో, వెనక నుంచి పెద్దాయన... ఆఁ, సంపుకి చెయ్యొచ్చా అంటున్నారు. నాలుగు వరసల చొప్పున మాత్రం చెయ్యకండి బాబాయ్. అడుగుకొక జాయింటు అంటే ఆరడుగుల సంపులో ఆరు చోట్ల లీకుకి దారి ఇచ్చినట్టు. సంపుకి బయట ఇటుక కట్టి, వెనక విడతలుగా పూడ్చి గట్టిచేసి, లోపల ప్లైవుడ్ పెట్టి బాగా సపోర్టులు ఇచ్చి, గోడ మొత్తం ఒకే పోతలో పొయ్యండి. పోసేటప్పుడు మాత్రం చుట్టూ తిరుగుతూ గంటకి రెండడుగులు మించకుండా పైకి తీసుకురండి. ఒకే మూల గుమ్మరించొద్దు.

ఇంకొకటి, ఆ అబ్బాయి. ఫ్లైయాష్ ఇటుక వాడొచ్చా? వాడొచ్చు. అది కాల్చింది కాదు కాబట్టి పెరగదు, కాంక్రీట్‌లాగే కాస్త ముడుచుకుంటుంది. ఆ విషయంలో ఎర్ర ఇటుక కంటే నయం. కానీ కొన్ని ఫ్లైయాష్ ఇటుకల ముఖం మరీ నున్నగా వస్తోంది, మాలు పట్టదు. రెండిటిని మాలుతో అతికించి, మర్నాడు చేత్తో లాగి చూడండి. ఒక ముఖం శుభ్రంగా ఊడొస్తే ఆ లోడు ఈ పనికి వద్దు.

టీ వచ్చినట్టుంది. తాగి అందరూ పెరట్లోకి రండి. నిన్న సాయంత్రం నాలుగు వరసలు రెండు ముఖాలూ కట్టించాను, కడ్డీలు నిలబెట్టి ఉన్నాయి, అడుగు కన్నాలు ఇంకా మూయలేదు. ముందు మేస్త్రీలు ఒక్కొక్కరు వచ్చి లోపల చెయ్యి పెట్టి అడుగు తడిమి చూడండి. మీరు సరే అన్నాకే పోద్దాం.